కూర్చున్న మనిషి ఊపిరి ఎత్తు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకే ఒక్క రిపోర్టును నలుగురి ముందు తప్పని కొట్టేశాను. ఆ రిపోర్టు రాసింది నేనే. కింద సంతకమూ నాదే. అలా కొట్టేసినందుకు నాకు తల తిరిగిందన్నవాళ్లున్నారు. ఉద్యోగం నుంచి పోయే ముందు కంపెనీ ఇజ్జత్ తీసిందన్నవాళ్లున్నారు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ మాట నా చెవిన పడేలా అంటూనే ఉన్నారు. అందుకే రాస్తున్నాను, క్షమాపణగా మాత్రం కాదు. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే పని చేస్తానని చెప్పడానికి.

కంప్యూటర్లో గాలినీ నీళ్లనూ పారించడం నేర్చుకుంటున్న పిల్లలకు ఇది పనికొస్తుందేమో. మిగతావాళ్లు కూడా చదవొచ్చు. సమీకరణాలు పెట్టి భయపెట్టను.

నేను పనిచేసింది జగిత్యాలలో ఒక చిన్న కంపెనీ. రైసు మిల్లులకు పెద్ద ఫ్యాన్లు, దుమ్మును లాగేసే రేకు గొట్టాలు చేసేది. ఆఫీసు జగిత్యాలలో, రేకు పని షెడ్డు కోరుట్లలో. టైపు చేయడానికి చేరాను. తర్వాత డ్రాయింగులు గీశాను. ఒకనాడు మా సార్ ఎవరిదో రంగురంగుల బొమ్మ ఒకటి చూసి వచ్చారు.

"అమ్మా, ఇప్పుడందరు కంప్యూటర్ల గాలి చూపిస్తున్నరు. ఫ్యాను పెట్టకముందే ఎక్కడ ఎంత గాలి అస్తదో తెలుస్తదంట. మనం గూడ చూపియ్యాలె" అన్నారు.

సార్ నా ఈడువారే. సంతోషంగా ఉంటే నన్ను "అమ్మా" అనేవారు, కోపమొస్తే "మేడం" అనేవారు. ఆ పిలుపును బట్టి ఆ రోజు వాతావరణం తెలుసుకునేదాన్ని.

ఆ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికేదే. నేర్పేవాళ్లే లేరు. ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను. అది నాకు కొత్త కాదు. నా చదువంతా ఇంట్లోదే. ఆరేళ్ల వయసులో జ్వరమొచ్చి ఎడమ కాలు సన్నబడింది. బడి దూరం. సిరిసిల్లలో మా అమ్మ కండెలు చుట్టేది. బట్ట నేసేటప్పుడు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుట్టడం ఆ పని. చరఖా ముందు అమ్మ, అమ్మ పక్కన నేను. మా అన్న చదివి వదిలేసిన పుస్తకాలు ఒళ్లో. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నూలు జారుతుండగా, నాకు భిన్నాలు చెప్పింది. కండె సగం నిండితే ఎంత, పావు నిండితే ఎంత. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. పెళ్లై జగిత్యాల వచ్చాక దూరవిద్యలో గణితం డిగ్రీ చదివాను. ఎవరు ఏ చదువు గురించి గొప్పగా మాట్లాడినా నాకు ఆ చరఖా చప్పుడే వినిపిస్తుంది. అమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆఫీసులో లెక్క మొదలుపెట్టే ముందు కీబోర్డు ముందు ఒక్క క్షణం చేతులు జోడించేదాన్ని. "మేడం పూజ అయిందా? కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టాల్నా?" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. మా దేవుడు రాజన్నను తలుచుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు, ఇప్పుడూ పెట్టను.

ఇప్పుడు కొంచెం సాంకేతిక సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

గాలి రెండు రకాలుగా నడుస్తుంది. మెల్లగా, దేని దారిన అది, పొరమీద పొరగా జారిపోవడం ఒకటి. మగ్గానికి నూలు చుట్టి పెట్టే పెద్ద దుంగ, భీము, దాని మీద పడుగు పోగులు చూశారా? వందల పోగులు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్ని ఒకటి తాకవు. అలాగన్నమాట. దాన్ని లామినార్ అంటారు. రెండోది సుడులు తిరుగుతూ, పైది కిందికి, కిందిది పైకి కలిసిపోతూ నడవడం. చిక్కుపడ్డ నూలులాగా. అది టర్బులెంట్. పొరల గాలిలో దుమ్ము ఎక్కడిదక్కడే ఉంటుంది. సుడుల గాలిలో దుమ్ము అంతటా కలిసి, లాగే గొట్టం వైపు ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది.

కంప్యూటర్‌కు ఈ తేడా దానంతటది తెలియదు. మొదట్లోనే అది మనల్ని అడుగుతుంది: ఏ గాలి అనుకోమంటావు? మనం ఏది చెబితే అది నమ్ముతుంది. టర్బులెంట్ అని చెబితే నిద్రపోతున్న గాలిలో కూడా సుడులున్నట్టే లెక్క కడుతుంది. నమ్మి, ఎంతో అందమైన బొమ్మ గీసి ఇస్తుంది. కంప్యూటర్‌ అంత విధేయులైన మనుషులు నాకు తగల్లేదు. అందుకే దానితో జాగ్రత్తగా ఉండాలి.

సిరిసిల్ల నుంచి పని వచ్చింది. ఒక సేటు షెడ్డులో ఇరవైనాలుగు సాంచాలు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలే అంటాం. కాటన్ నేసే షెడ్డు. నేస్తుంటే నూలు నుసి లేచి గాలిలో తేలుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని లాగేసే గొట్టాలు పెట్టాలి. ఈ ఒక్క షెడ్డులో సరిగా పనిచేస్తే అదే నమూనా చాలా షెడ్లకు వస్తుందని, ఒక ప్రభుత్వ అధికారి స్వయంగా వచ్చి చూస్తారని అన్నారు. సార్ ఆ వారమంతా నన్ను "అమ్మా" అనే పిలిచారు.

"షెడ్డు ఓసారి చూసి రావాల్నా అమ్మా?" అని సార్ అడిగారు కూడా.

"ఎందుకు సార్? సిరిసిల్ల నాకెర్క లేదా? నేను పుట్టిందే ఆడ" అన్నాను.

నా మొదటి తప్పు అదే. బయటివాళ్లైతే తెలియదు కాబట్టి పోయి చూసేవాళ్లు. నేను అక్కడిదాన్ని కాబట్టి పోలేదు. నాకు తెలిసిన సిరిసిల్ల మా అమ్మ కూర్చున్న వాకిలి. వెలుతురూ గాలీ ఉన్న వాకిలి. షెడ్డు కాదు.

డ్రాయింగు చూసి లెక్క వేశాను. ఫ్యాన్లున్నాయి, సాంచాలు కదులుతున్నాయి, కాబట్టి షెడ్డంతా టర్బులెంటే అని పెట్టేశాను. వేడి లెక్క వదిలేశాను, అది కలిపితే మా పాత కంప్యూటర్ రోజులకు రోజులు తీసుకునేది. మనిషి ఊపిరి ఎంత ఎత్తులో చూడాలి అన్నచోట ఐదడుగులు అని కొట్టాను. సాఫ్ట్‌వేరు పాఠంలో అలాగే ఉంది. నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు.

బొమ్మ వచ్చింది. షెడ్డంతా నీలం. నీలం అంటే శుభ్రమైన గాలి. ఎంత బాగుందంటే సార్ దాన్ని పెద్దగా ప్రింటు తీయించి గోడకు అంటించారు. సంతకం పెట్టాను.

గొట్టాలు చేయించడానికి కోరుట్ల పోయినప్పుడు మా డక్టు మేస్త్రి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. అతను గల్ఫులో చాలా ఏళ్లు ఏసీ గొట్టాలు బిగించి వచ్చినవాడు. నాకంటే చిన్నవాడు, "అక్కా" అనేవాడు.

"అక్కా, గీ మూలకు ఎవరన్న కూసుంటరా?" అని వేలు పెట్టి చూపించాడు. షెడ్డు వెనకాల, ఖాళీ భీములు పేర్చే మూల అది.

"కండెలు చుట్టేటోళ్లుంటరు. ఏమైంది?"

"ఏం కాలే. గల్ఫుల డక్టు పెట్టినంక మేం సన్నటి కాయిదం ముక్క దారానికి కట్టి, మూలమూలకు పట్టుకొని తిరుగుతుంటిమి. కాయిదం కదిలితే గాలి ఉన్నట్టు. లేకుంటె లేనట్టు. నువ్వు పోయి చూసినవా?"

"కంప్యూటర్ చూసింది తమ్మీ."

"కంప్యూటర్ సిరిసిల్ల పోయచ్చిందా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు చిర్రెత్తింది. "నీ పని రేకు వంచుడు. లెక్క నాది" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తుంది. అతను కత్తెర తీసుకుని పనిలో పడ్డాడు.

గొట్టాలు బిగించారు. అధికారి వచ్చే రోజుకు వారం ముందు సార్ నన్ను సిరిసిల్ల పంపారు. అక్కడ నిలబడి బొమ్మ వివరించాల్సింది నేనే కాబట్టి, ఒకసారి చూసి రమ్మన్నారు. జగిత్యాలలో తెల్లవారి మొదటి బస్సు ఎక్కి పోయాను.

షెడ్డు లోపల సాంచాల మోతకు మాట వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి, లేదా చేతులతో. కిటికీలన్నిటికీ గోనె పట్టాలు కొట్టి ఉన్నాయి. గాలి కొడితే పోగు తెగుతుందని సిరిసిల్లలో ఎవరూ కిటికీ తెరవరు. నా డ్రాయింగులో అవన్నీ తెరిచే ఉన్నాయి. పైన రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. సాంచాల దగ్గర నిలబడ్డవాళ్లు మా గొట్టాలను చూపించి తల ఊపారు, బాగుందన్నట్టు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

తర్వాత వెనక మూలకు పోయాను. పేర్చిన భీముల వెనక, నడుమెత్తు గోడ అవతల, నలుగురు ఆడవాళ్లు నేల మీద పీటలు వేసుకుని చరఖాల ముందు కూర్చున్నారు. అందరికంటే పెద్దామె నాకంటే పదేళ్లు పెద్ద ఉంటుంది. అప్పుడే వచ్చింది. చరఖా కాళ్ల దగ్గర ఒక ఊదుబత్తి గుచ్చి వెలిగించి కళ్లు మూసుకుంది. మొదటి కండె చుట్టే ముందు మా అమ్మా అలాగే చేసేది. నా చేతులు వాటంతటవే జోడయ్యాయి, నేనూ కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి పొగ చూశాను.

అది నిటారుగా జానెడు, రెండు జానలు లేచింది. దారంలాగా సన్నగా, చక్కగా. ఆ తర్వాత పైకి పోలేదు. ఆమె ముఖం ఎత్తులో ఆగి, పక్కకు వంగి, దుప్పటి పరిచినట్టు పరుచుకుంది. ఒక్క సుడి లేదు. కదలదు, చెదరదు. ఆ దుప్పటి మీద నూలు నుసి తెల్లతెల్లగా కూర్చుంది. ఆమె ముక్కు సరిగ్గా అందులో ఉంది. మా గొట్టాల నోళ్లు పైన ఎక్కడో ఉన్నాయి, ఈ గాలితో వాటికి చుట్టరికమే లేదు.

ఆమె చెవి దగ్గర వంగి అడిగాను. "అక్కా, గీ కొత్త గొట్టాలు మంచిగున్నయా?"

"మంచిగనే ఉన్నయి చెల్లె. సాంచాల కాడోళ్లు హాయిగున్నదంటున్నరు. మేం కింద కూసుంటం గద. గాలి గూడ నిలబడ్డోళ్లకే అస్తది." ఆమె దగ్గి, నవ్వింది. "ఇంతకు నువ్వెవలు?"

"గీ గొట్టాల లెక్క చేసింది నేనే."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "అయితే నీ లెక్కల మమ్ములను మరిచినవ్ పో."

పక్కనున్న ఆమె చరఖా ఆపకుండానే మా వైపు వంగి అందుకుంది. "మనం లెక్కల ఎప్పుడున్నమే వదినె!"

నేను కాలు చాపుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ ఎత్తు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పదేళ్లపాటు లోకాన్ని ఆ ఎత్తు నుంచే చూశాను. మా అమ్మ ముక్కు ఆ ఎత్తులోనే ఉండేది. అమ్మ ఆఖరి రోజుల దగ్గు నా చెవుల్లో ఉంది. అయినా కంప్యూటర్ అడిగినప్పుడు నా వేళ్లు ఐదడుగులు అని కొట్టాయి. కూర్చున్న మనిషిని ఇంకెవరు మరిచినా నేను మరవకూడదు.

జగిత్యాల తిరిగి వచ్చి మళ్లీ లెక్క వేశాను. ఈసారి షెడ్డు వెనక భాగం వరకే తీసుకుని రేకుల వేడి కలిపాను, రాత్రంతా కంప్యూటర్ ఆపలేదు. పైన వేడి గాలి, కింద చల్ల గాలి ఉంటే రెండూ కలవవు, వేడిది మూతలాగా పైన కూర్చుంటుంది. కిటికీలు మూశాను. మూలలో సుడులు ఉన్నాయని కంప్యూటర్‌కు చెప్పడం మానేశాను. పిల్లలూ, నిజం చెప్పాలంటే ఆ మూల గాలి పుస్తకంలో ఉన్నంత స్వచ్ఛమైన లామినార్ కూడా కాదు. అటూ ఇటూ కాని గాలి. అలాంటి గాలికి వేరే పద్ధతులున్నాయి, అవీ ప్రయత్నించాను. కానీ ఏ పద్ధతిలో చూసినా, ఊపిరి ఎత్తు రెండున్నర అడుగులకు దించగానే ఆ మూల ఎర్రబడింది. పొగ చెప్పిందే కంప్యూటరూ చెప్పింది. ఈసారి నేను అడగాల్సింది అడిగాను కాబట్టి.

సార్ ముందు రెండు బొమ్మలూ పెట్టాను.

"పొగ చూసి రిపోర్టు మారుస్తమా మేడం?" అన్నారు. అమ్మా పోయి మేడం వచ్చింది.

"రిపోర్టు చూసి పొగ మారది గద సార్."

"తప్పెవరిది?"

"నాదే."

"నీ తప్పుకు కంపెనీ ఎందుకు నవ్వులపాలు కావాలె? నలభై మంది బతుకుతున్నరు దీని మీద. ఆ రోజు బొమ్మ చూపియ్యి, చాయ తాగు, వచ్చెయ్యి. తర్వాత మెల్లగ సరిచేద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు సార్? మిగిలిన షెడ్లల్ల గూడ గిదే పెట్టినంకనా?"

సార్ రెండు బొమ్మలూ నా వైపు తోసేశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కాలు సరిగా లేని, బడి మెట్లెక్కని నన్ను నమ్మి కుర్చీ ఇచ్చింది ఆయనే, ఆ కృతజ్ఞత నాకు ఇవాళ్టికీ ఉంది. కానీ కుర్చీ ఇచ్చినందుకు నేల మీద కూర్చున్నవాళ్లను మరిచిపోతానని మాట ఇవ్వలేదు.

మరునాడు సెలవు పెట్టి కోరుట్ల పోయాను. మేస్త్రి రేకు కొడుతున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"తమ్మీ, ఆనాడు నేను తప్పు మాట్లాడిన."

సుత్తి ఆపాడు. "ఏందక్కా, నా కాయిదం ముక్క యాదికచ్చిందా?"

"కాయిదం కాదు, ఊదుబత్తి."

మొత్తం విన్నాడు. రేకు మీద సుద్దముక్కతో గీత గీశాడు. "గాలిని పైకెల్లి గుంజితే కిందిది రాదక్కా. కిందికెల్లే గుంజాలె. గోడ అడుగున పొడుగ్గ ఒక సందు పెడదాం. వాళ్ల ముక్కు కంటె కిందికి."

"సార్ ఒప్పుకోలేదు."

"సార్‌ను అడుగుతె గద ఒప్పుకోకపోవుడు. కత్తిరించిన ముక్కలు మస్తు పడున్నయి" అని నవ్వి, పనిలోకి దిగాడు. అతని గీతనే తెచ్చి కంప్యూటర్లో పెట్టాను. ఎర్ర మూల మెల్లగా నీలానికి తిరిగింది. ఆ నీలాన్ని కూడా నేను నమ్మలేదు. పొగ చెప్పాలి అనుకున్నాను.

అధికారి వచ్చిన రోజు షెడ్డు కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టారు. సేటు ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. సార్ నా రిపోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి నా చేతికిచ్చి, "రెండు ముక్కల చెప్పు" అన్నారు. మాట వినపడాలని సాంచాలు ఆపుతుంటే నేనే వద్దన్నాను. నడవనివ్వండి, రోజూ నడిచేలాగే ఉండనివ్వండి అన్నాను. సార్ నా వైపు చూశారు. ఆయనకు అప్పుడే అర్థమైందనుకుంటాను.

అధికారిని వెనక మూలకు తీసుకుపోయాను. ఒక పీట తుడిచి వేసి, ఆయన చెవి దగ్గరికి వంగాను.

"సార్, బొమ్మ తర్వాత. ముందు మీరు గీడ కూసోండ్రి."

"ఇక్కడా?"

"ఇక్కడనే. గీ అక్క రోజూ కూసుండే కాడ."

సేటు మధ్యలోకి వచ్చారు. "అరే మేడం, సార్‌ను నేల మీద కూసోబెడ్తవా? కుర్చీ తెప్పియ్యనా?"

"కుర్చీ మీద కూసుంటె కనపడది సేటూ" అన్నాను.

అధికారి ఒక క్షణం ఆలోచించి, ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నారు. పెద్దామె ఊదుబత్తి వెలిగించి ఆయన ముందే గుచ్చింది. పొగ నిటారుగా లేచింది, ఆయన మీసాల దగ్గర ఆగింది, పరుచుకుంది. నా ఫోను లైటు వేసి అడ్డంగా పట్టుకున్నాను. వెలుగులో నుసి కనపడింది, వేలకు వేలు, తెల్లగా, ఎక్కడికీ పోకుండా. ఆయన రెండుసార్లు ఊపిరి తీసుకుని దగ్గారు.

"పొగను గుంజుతానికి పెట్టిన్రా, నుసిని గుంజుతానికి పెట్టిన్రా?" అని సేటు ఆయన చెవిలో అరిచారు.

"పొగనే గుంజలేనిది నుసిని గుంజుతదా?" ఈ జవాబు నాది కాదు. చరఖా ముందు కూర్చున్న పెద్దామెది.

నేను కవరు చింపి రిపోర్టు బయటికి తీశాను. నా సంతకం మీద అడ్డంగా గీత కొట్టి, దాని పక్కనే రాశాను: ఈ లెక్క తప్పు. తప్పు నాదే. కూర్చున్నవాళ్ల ఊపిరి ఇందులో లేదు. మళ్లీ సంతకం పెట్టి, తేదీ వేసి అధికారి చేతిలో పెట్టాను.

"మేడం!" అన్నారు సార్. సాంచాల మోతలో కూడా వినపడింది.

అధికారి లేచి దుమ్ము దులుపుకున్నారు. "ఇది ఇప్పుడు పాస్ చేయలేను" అని మాత్రం అని వెళ్లిపోయారు. చాయ చల్లారిపోయింది. సార్ కారులో నాకు చోటు లేకపోయింది. బస్సులో వచ్చాను.

మర్నాటి నుంచి కంప్యూటర్, అందులో ఉన్న కింది గొట్టం బొమ్మతో సహా, వేరే బల్ల మీదికి పోయింది. నాకు మళ్లీ ఉత్తరాల టైపింగు. ఆఫీసులో నాతో పలికేవాళ్లు తగ్గారు. "నీకు నాలుగు రోజులు ఆగుడు చేతకాలేదా? రిటైర్మెంటు దగ్గరున్నది గద" అని ఒకరు నిజమైన ప్రేమతోనే అన్నారు. నాలుగు రోజులు ఆగొచ్చు. కానీ ఆ నాలుగు రోజులూ ఊపిరి తీసుకునేది నేను కాదు కదా.

తర్వాత జరిగింది నా గొప్ప కాదు. ఆ నలుగురు ఆడవాళ్లు ఒక పొద్దున తమ చరఖాలు మోసుకుపోయి షెడ్డు బయట చూరు కింద పెట్టుకున్నారు. గాలికి పోగు తెగుతోంది, కండె నిండడానికి రెట్టింపు సమయం పడుతోంది. తెగనీ అన్నారు. మధ్యాహ్నానికి సాంచాలు ఒక్కొక్కటే ఆగడం మొదలైంది. నాడెలో కండె లేకపోతే ఎంత పెద్ద సాంచా అయినా ఇనుమే.

సేటు కోపంగా పోయి అడిగితే పెద్దామె చెప్పిన జవాబు నాకు తర్వాత తెలిసింది. "మేం లోపటికి అస్తం సేటూ. మా ముక్కులు గీడ పెట్టి అస్తం. తీసుకపోతవా?"

ఆ సాయంత్రం సేటు ఫోను వచ్చాక, ఆఫీసు మూసే ముందు సార్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. టైపు చేస్తున్న ఉత్తరం వైపు చూశారు, గోడ మీది నీలం బొమ్మ వైపు చూశారు. అది ఇంకా అక్కడే ఉంది.

"అమ్మా," అన్నారు. "ఆ కింది గొట్టం లెక్క ఎంతదాక వచ్చింది?"

"అయిపోయింది సార్. గొట్టం గూడ అయిపోయింది. కోరుట్లల ఉన్నది."

సార్ గోడ మీది బొమ్మను తానే పీకి, మడిచి, నా చేతికిచ్చారు. మేస్త్రి ఆ వారమే పోయి బిగించి వచ్చాడు. కొత్త రిపోర్టులో ఊపిరి ఎత్తు ఒకటి కాదు, రెండు రాశాను: నిలబడ్డవాళ్లది, కూర్చున్నవాళ్లది. తర్వాత పని వచ్చిన షెడ్లకు ఆ రెండో నమూనాయే పోయింది. అన్ని షెడ్లకూ పోయిందని చెప్పను, పోలేదు. ఇంకా చాలా మూలలున్నాయి. ఇది చదివే మీలో ఎవరైనా సిరిసిల్ల లెక్క చేస్తే, చందుర్తిలో రైసు మిల్లు లెక్క చేసినా సరే, పోయి ఆ మూలలో కూర్చోండి. నా మాట నమ్మకండి, కంప్యూటర్ మాట అసలే నమ్మకండి.

రిటైరయ్యాక ఒకసారి రాజన్న దర్శనం చేసుకుని అటే సిరిసిల్ల పోయాను. మూలలో పెద్దామె ఉంది. గోడ అడుగున మేస్త్రి సందు ఉంది, దాని అంచు నుసితో తెల్లబడి ఉంది. నన్ను చూడగానే ఆమె మొదలుపెట్టింది.

"అచ్చినవా చెల్లె? నీతోటి కొట్లాట ఉన్నది నాకు. నీ గాలి అచ్చినసంది ఊదుబత్తి నిలుస్తలేదు. ఇంతకుముందు కండెల గంప సగం నిండేదాక కాలుతుండె. ఇప్పుడు పది కండెలు కాకముందే బూడిద. దేవునికి తక్కువైతంది."

నా సంచిలో రాజన్న గుడి దగ్గర కొన్న ఊదుబత్తుల కట్ట ఉంది. విప్పి, కాలు చాపుకుని ఆమె పక్కన కూర్చుని, ఒకటి వెలిగించి చరఖా కాళ్ల దగ్గర గుచ్చాను. పొగ వేలెడంత లేచిందో లేదో, వంగి, నేలను రాసుకుంటూ గోడ వైపు పరుగెత్తింది.

"చూసినవా?" అంది ఆమె ఫిర్యాదుగా. "ఆగుతనే లేదు."

"ఆగొద్దనే అక్కా," అన్నాను. "ఆగొద్దనే."